ఆఫీసులో కొత్త యంత్రం – మన ఇంటి ఉద్యోగి ఆరోగ్యం



రోగికి తోడుగా ఆసుపత్రికి వచ్చినవారికి మందులు, పరీక్షలు, బిల్లులు తప్ప వేరే ఆలోచన ఉండదు. అయితే మీలో చాలామంది ఇళ్ళలో ఆఫీసు పని చేసేవారు ఒకరో ఇద్దరో ఉంటారు. మదనపల్లె నుండి బస్సులోనో, కుప్పం నుండి రైలులోనో బెంగళూరు వెళ్ళి పనిచేసే కొడుకు, పుంగనూరులో బ్యాంకు కౌంటరులోనో వార్డు సచివాలయంలోనో కూర్చునే కోడలు, టమోటా మండీలో లెక్కలు రాసే తమ్ముడు. ఈ మధ్య వీరి నోట "ఏఐ" అనే మాట మీరు వినే ఉంటారు. ఆ మాట అనేటప్పుడు వారి ముఖంలో దిగులు కూడా గమనించి ఉంటారు.

"దీనికీ ఆరోగ్యానికీ సంబంధం ఏమిటి?" అని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. నిద్ర పట్టకపోవడం, తరచుగా తలనొప్పి, కడుపులో మంట, బి.పి. పెరగడం వంటి బాధల వెనుక చాలాసార్లు ఉద్యోగంలోని దిగులు దాగి ఉంటుంది. ఆ దిగులు డాక్టరు కంటే ముందు ఇంట్లోవారికే కనబడుతుంది. కనుక ఈ విషయం కుటుంబ సభ్యులు తెలుసుకోవడం అవసరం.

ఏఐ అంటే ఏమిటి?

ఏఐని తెలుగులో కృత్రిమ మేధ అంటున్నారు. మనుషులు రాసిన కోట్లాది పేజీలను, బొమ్మలను, లెక్కలను కంప్యూటర్‌కు చూపించి, వాటిలోని పోలికలను అది పట్టుకునేటట్లు చేస్తారు. తరువాత మనం ఏదైనా అడిగితే, ఆ పోలికలను బట్టి సరైనదిగా కనబడే జవాబును అది కూర్చి ఇస్తుంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చినప్పటి నుండి ఇటువంటి కంప్యూటర్ ప్రోగ్రాములు ఆఫీసులలోకి వేగంగా వస్తున్నాయి. ఉత్తరం రాయడం, పది పేజీల కాగితాన్ని పది వాక్యాలకు కుదించడం, ఒక భాష నుండి మరొక భాషకు మార్చడం, ఫారాలు నింపడం వంటి పనులు ఇవి నిమిషాలలో చేస్తాయి.

దీనికి రెండు లోపాలు ఉన్నాయి. మొదటిది, "నాకు తెలియదు" అనవలసిన చోట కూడా ఇది ధీమాగా తప్పు చెప్పగలదు. రెండవది, తప్పు జరిగితే జవాబుదారీ వహించదు. కాగితం మీద సంతకం ఎప్పుడూ మనిషిదే. ఈ రెండు విషయాలు గుర్తుంచుకుంటే మిగిలినదంతా సులభంగా అర్థమవుతుంది.

మన ప్రాంతానికి యంత్రం కొత్తదా?

కాదు. 2002లో హెచ్.పి. కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో "ఐ-కమ్యూనిటీ" అనే కార్యక్రమం ప్రారంభించాయి. గ్రామాలలో కంప్యూటర్ కేంద్రాలు తెరిచారు. స్వయం సహాయక సంఘాలలోని కొందరు మహిళలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, ఎండతో ఛార్జి అయ్యే బ్యాటరీ ఇచ్చి ఫోటోలు తీయడం నేర్పారు. వారు గ్రామాలలో ఫోటోలు తీసి అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చి సంపాదించుకున్నారు. కంప్యూటర్ అంటే చదువుకున్నవారికే అనుకునే రోజులలో అది వారి చేతి పనిముట్టు అయింది.

తరువాత 2011 నవంబరు 4న మీసేవ మొదలైంది. అది మొదట ప్రారంభమైనది చిత్తూరు జిల్లాలోనే. అప్పట్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఆ జిల్లాలోనివే. చేత్తో రాసి, ముద్ర వేసి ఇచ్చే ధ్రువపత్రాలు కంప్యూటర్ నుండి రావడం మొదలైంది. 2019 అక్టోబరు 2 నుండి గ్రామ సచివాలయాలు వచ్చాయి. వాటితోపాటు అంతకుముందు లేని "డిజిటల్ అసిస్టెంట్" అనే ఉద్యోగం వచ్చింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో 161 సేవలను వాట్సాప్ ద్వారా ఇవ్వడం ప్రారంభించింది. అదే సంవత్సరం జూలైలో కుప్పం ఏరియా ఆసుపత్రిలో టాటా సంస్థ సహకారంతో డిజిటల్ నెర్వ్ సెంటర్ ప్రారంభమైంది. రోగుల వివరాలను కంప్యూటర్‌లో ఒకచోట చేర్చి చికిత్సకు ఉపయోగపడేలా చేయడం దాని ఉద్దేశం.

ఇలా ప్రతిసారీ ఒక రకం పని తగ్గి మరొక రకం పని పెరిగింది. అయితే పాత పని పోయినవారికే కొత్త పని దొరుకుతుందన్న హామీ ఎప్పుడూ లేదు. 2025 జూలైలో టీసీఎస్ సంస్థ సుమారు 12 వేల మంది ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించింది. దానికి కారణం ఏఐ కాదని, అవసరమైన నైపుణ్యాలకూ ఉద్యోగుల నైపుణ్యాలకూ పొంతన కుదరకపోవడమని సంస్థ అధికారులు చెప్పారు. కారణం ఏదైనా, ఆ వార్త చదివిన ఇళ్ళలో నిద్ర కరువైంది. మీ ఇంటి ఉద్యోగి భయపడుతున్నాడంటే అది వట్టి భ్రమ కాదు. ఆ భయాన్ని కొట్టిపారేయవద్దు.

ఆఫీసులో ఏ పనులు మారతాయి?

మీకు తెలిసిన ఆఫీసునే ఉదాహరణగా తీసుకుందాం. ఏ ఆసుపత్రిలోనైనా ఓ.పి. చీటీ దగ్గర మొదలై, ల్యాబ్ రిపోర్టు, డిశ్చార్జి కాగితం, బిల్లు, ఎన్టీఆర్ వైద్య సేవ దరఖాస్తు వరకు ఎంతో రాతపని ఉంటుంది. డాక్టరు మాట్లాడుతుండగా విని డిశ్చార్జి కాగితానికి చిత్తుప్రతి తయారు చేయడం, దరఖాస్తులో ఏ కాగితం తక్కువైందో చెప్పడం యంత్రం చేయగలదు. దీనివల్ల మీరు బెంచీ మీద కూర్చుని ఎదురుచూసే సమయం తగ్గవచ్చు.

కానీ మదనపల్లె, పుంగనూరు వైపు ఒకే రోజున రెడ్డెమ్మ అనే పేరుతో ముగ్గురు రావచ్చు. ముగ్గురికీ వయసు అరవై దగ్గరే ఉండవచ్చు. "ఏ ఊరమ్మా మీది? మీ ఆయన పేరేమి?" అని అడిగి, ముఖం చూసి, సరైన ఫైలు తీయడం కౌంటరులో కూర్చున్న ఉద్యోగి పని. కుప్పం పక్క నుండి వచ్చిన పెద్దామె సగం తెలుగు, సగం తమిళం కలిపి తన నొప్పిని చెబుతుంది. ఆమె చెప్పింది అర్థం చేసుకోవడం, చెప్పకుండా దాచిన భయాన్ని కూడా కనిపెట్టడం మనిషికి చేతనైన పని. యంత్రం రాతపనిని తగ్గిస్తే, ఈ పనికి ఉద్యోగికి ఎక్కువ తీరిక దొరకాలి. అలా దొరుకుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మదనపల్లె వారికి బాగా తెలిసిన ఆరోగ్యవరం నుండి మరొక ఉదాహరణ. 1950 నుండి 1955 వరకు అక్కడి క్షయ వైద్యులు చుట్టుపక్కల గ్రామాల ప్రజలకు ఎక్స్‌రేలు తీసి జబ్బు ఉన్నవారిని వెతికారు. ఆ రోజులలో ప్రతి ఫిల్మునూ మనిషే కళ్ళారా చూడాలి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 15 ఏళ్ళు నిండినవారిలో క్షయ అనుమానితులను గుర్తించడానికి ఛాతీ ఎక్స్‌రేను కంప్యూటర్ చేత చదివించవచ్చని సిఫారసు చేసింది. కానీ ఇది అనుమానితులను వేరు చేయడానికి మాత్రమే. క్షయ ఉన్నదని తేల్చడానికి కఫం వంటి పరీక్షలు చేయాలి, డాక్టరు చూడాలి. యంత్రం గుట్టను చిన్నది చేస్తుంది, తీర్పు మనిషి చెబుతాడు. ఆఫీసు పనికి కూడా ఇదే మంచి పద్ధతి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం, ఏఐ ప్రభావం అన్నిటికంటే ఎక్కువగా పడేది గుమాస్తా తరహా పనుల మీద. ఆ పనులలో 24 శాతం మీద ప్రభావం బాగా ఎక్కువగా, మరో 58 శాతం మీద మధ్యస్థంగా ఉంటుందని అంచనా వేసింది. ఇటువంటి ఉద్యోగాలలో ఆడవారు ఎక్కువ గనుక వారి మీద భారం ఎక్కువ. అయితే చాలా ఉద్యోగాలు పూర్తిగా పోవడం కంటే, వాటిలోని కొన్ని పనులు యంత్రం చేతికి వెళ్ళి పని తీరు మారడమే ఎక్కువగా జరుగుతుందని కూడా ఆ నివేదిక చెప్పింది.

ఉద్యోగంలో తృప్తి దేనివల్ల కలుగుతుంది?

జీతం ముఖ్యమే. కానీ జీతం ఒక్కటే కాదు. ఇంగ్లండులో 1985లో లండన్ ప్రభుత్వ కార్యాలయాల ఉద్యోగులు 10 వేల మందికి పైగా తీసుకుని, వారి ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనించారు. 1997లో వెలువడిన ఫలితాలలో ఒక ముఖ్య విషయం బయటపడింది. తాము చేసే పని మీద తమకు ఏ అదుపూ లేనివారికి, అంటే ఏది ముందు చేయాలి, ఎలా చేయాలి అన్నదానిలో తమ మాట చెల్లనివారికి, గుండెజబ్బు ఎక్కువగా వచ్చింది. పెద్ద అధికారుల కంటే కింది ఉద్యోగులకు గుండెజబ్బు ఎక్కువ రావడానికి ఇది ఒక పెద్ద కారణమని తేలింది.

దీనిని బట్టి చూస్తే ఒకే యంత్రం రెండు ఆఫీసులలో రెండు రకాలుగా పనిచేయగలదు.

మొదటి ఆఫీసులో విసుగు పుట్టించే నకళ్ళు, కూడికలు యంత్రం చేస్తుంది. ఉద్యోగి వాటిని సరిచూసి, తన బుద్ధితో నిర్ణయం తీసుకుని, వచ్చినవారితో మాట్లాడతాడు. యంత్రం తప్పు చెబితే "ఇది తప్పు" అనే హక్కు అతనికి ఉంటుంది. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు "ఈ రోజు ఒకరికి పని చేసిపెట్టాను" అనే తృప్తి ఉంటుంది.

రెండవ ఆఫీసులో నిర్ణయాలు యంత్రం తీసుకుంటుంది. ఉద్యోగి అది ఇచ్చినదానికి గంటకు ఇన్ని అని బటన్ నొక్కుతూ పోవాలి. ఎన్ని నొక్కాడో, ఎన్ని నిమిషాలు లేచి వెళ్ళాడో కూడా అదే లెక్కపెడుతుంది. తప్పు జరిగితే మాత్రం మాట పడేది ఉద్యోగే. ఇక్కడ ఉద్యోగం పోలేదు, జీతం తగ్గలేదు. అయినా మనిషి లోపల్లోపల కుంగిపోతాడు.

2023లో అమెరికా పరిశోధకులు, వినియోగదారుల ప్రశ్నలకు జవాబులు ఇచ్చే 5 వేల మందికి పైగా ఉద్యోగులను పరిశీలించి ఒక నివేదిక వెలువరించారు. ఏఐ సహాయంతో వారి పని సగటున 14 శాతం పెరిగింది. కొత్తగా చేరినవారి పని 34 శాతం వరకు పెరిగింది, వారిలో ఉద్యోగం మానేసేవారు కూడా తగ్గారు. బాగా అనుభవం ఉన్నవారికి మాత్రం పెద్దగా లాభం కనబడలేదు. కారణం ఏమంటే, యంత్రం నేర్చుకున్నది ఆ అనుభవజ్ఞుల పద్ధతులనే. వాటినే కొత్తవారికి అందించింది. కనుక ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మీ ఇంటి పెద్ద ఉద్యోగి "ఇక నా విలువ ఏముంది?" అని బాధపడితే ఆశ్చర్యపోవద్దు. అతని నేర్పు పోలేదు. దానికి దక్కవలసిన గుర్తింపే తగ్గింది. ఇంట్లోనైనా ఆ గుర్తింపు అతనికి దక్కాలి.

దిగులును ఎలా గుర్తుపట్టాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో "బర్న్‌అవుట్" అనే స్థితిని వివరించింది. ఎక్కువకాలం తీరని పని ఒత్తిడి వల్ల శక్తి హరించుకుపోవడం, పని అంటేనే విరక్తి కలగడం, "నేను దేనికీ పనికిరాను" అనిపించడం దాని మూడు ముఖ్య గుర్తులు. ఇంట్లోవారికి ఈ క్రింది లక్షణాలు కనబడవచ్చు.

1. రాత్రి రెండు, మూడు గంటలకే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం.
2. తిండి తగ్గడం, లేదా అకారణంగా ఎక్కువ తినడం.
3. చిన్న మాటకే కసురుకోవడం, పిల్లలతో ఆడకపోవడం.
4. సెలవు రోజున కూడా ఫోను, కంప్యూటర్ వదలకపోవడం.
5. సిగరెట్లు, మద్యం పెరగడం.
6. ఛాతీ పట్టినట్లు ఉండడం, గుండెదడ, తరచుగా మెడనొప్పి, నడుమునొప్పి.
7. ఆదివారం సాయంత్రం నుండే ముఖం వాడిపోవడం.

ఇవి రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించండి. ఛాతీ నొప్పిని మాత్రం "టెన్షన్ వల్లలే" అని సరిపెట్టుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

కుటుంబ సభ్యులు ఏమి చేయాలి?

ముందుగా అడిగే ప్రశ్న మార్చండి. "నీ ఉద్యోగం ఉంటుందా పోతుందా?" అని రోజూ అడిగితే దిగులు పెరుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు అతని చేతిలో లేదు. దానికి బదులు, "ఏం నాయనా, ఇప్పుడు ఆఫీసులో నువ్వు ఏ పని చేస్తున్నావు? ఏది ఆ మిషన్ చేస్తోంది? అందులో నీకు నచ్చింది ఏది?" అని అడగండి. అలా చెప్పుకునేటప్పుడు తన చేతిలో ఏమి మిగిలిందో అతనికే తెలిసివస్తుంది.

ఇతరులతో పోల్చవద్దు. "ఎదురింటివాళ్ళ అబ్బాయికి లక్ష వస్తోందంట" అనే మాట మందు లేని గాయం చేస్తుంది.

ఇంటి లెక్కలు కలిసి చూడండి. ఇంటి అప్పు, బండి వాయిదా, చీటీ పాట, ఫీజులు అన్నీ ఒక కాగితం మీద రాయండి. జీతం ఆగిపోతే ఎన్ని నెలలు గడుస్తుందో తెలుసుకోండి. కొత్త అప్పు చేసే ముందు ఆలోచించండి. తెలియని భయం కంటే తెలిసిన లెక్క మేలు.

ఒకవేళ ఉద్యోగం పోతే, దానిని పరువుకు సంబంధించిన విషయంగా చేయవద్దు. ఇంట్లో తెలిస్తే ఏమంటారో అని, రోజూ బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్ళి పార్కులో కూర్చునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. పెళ్ళి సంబంధాల మాటలు కొన్నాళ్ళు ఆపవచ్చు. మనిషి మిగిలితే ఉద్యోగం మరొకటి వెతుక్కోవచ్చు.

"బ్రతికి ఏం లాభం" వంటి మాట వినబడితే తేలికగా తీసుకోవద్దు. అతనిని ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో ఉన్న పురుగుమందు, మాత్రలు అందకుండా తీసివేయండి. టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ ఉచిత సేవ 24 గంటలూ ఉంటుంది. తెలుగులో మాట్లాడవచ్చు. ఆలస్యం చేయకుండా దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఉద్యోగి తాను ఏమి చేయవచ్చు?

• యంత్రాన్ని దూరంగా పెట్టడం కంటే రోజుకు అరగంట దానితో పని చేసి చూడడం మంచిది. అది ఎక్కడ తప్పు చేస్తుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది.
• తన పనిలో మనుషులతో మాట్లాడే భాగాన్ని, నిర్ణయం తీసుకునే భాగాన్ని వదులుకోకూడదు. కొత్త పద్ధతి పెట్టేటప్పుడు తమను కూడా సంప్రదించమని తోటి ఉద్యోగులతో కలిసి పై అధికారిని అడగవచ్చు.
• యంత్రం వల్ల మిగిలిన సమయాన్ని అదనపు పనితో నింపకూడదు. వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు లేదా అంతకంటే ఎక్కువ పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి తెలిపాయి.
• గంటకొకసారి లేచి నాలుగడుగులు నడవాలి. మధ్యమధ్య కళ్ళను తెర మీద నుండి తప్పించి దూరంగా చూడాలి.
• 30 ఏళ్ళు దాటినవారు ఏడాదికొకసారి బి.పి., షుగర్ చూపించుకోవాలి.

అపోహలు – వాస్తవాలు

అపోహ: ఏఐ వస్తే ఆఫీసు ఉద్యోగాలన్నీ పోతాయి.
వాస్తవం: కొన్ని పోతాయి, చాలావాటిలో పని తీరు మారుతుంది. మార్పుకు ముందే సిద్ధపడినవారికి దెబ్బ తక్కువ.

అపోహ: కంప్యూటర్ చెప్పింది గనుక తప్పు ఉండదు.
వాస్తవం: తప్పు ఉండవచ్చు. పేరు, వయసు, రక్తం గ్రూపు, మందు మోతాదు మనిషి సరిచూడవలసిందే. మీ చేతికి వచ్చిన కాగితంలో పేరు సరిగా ఉందో లేదో మీరు కూడా చూసుకోండి.

అపోహ: వయసు మళ్ళినవారు దీనిని నేర్చుకోలేరు.
వాస్తవం: ఫోనుతో డబ్బు తీసుకోవడం సంతలో కూరగాయలు అమ్మే పెద్దవారు కూడా నేర్చుకున్నారు. పైగా యంత్రం తప్పును పట్టుకోవడానికి అనుభవమే కావాలి.

అపోహ: దిగులుకు మందులు వాడితే జీవితాంతం అలవాటుపడిపోతారు.
వాస్తవం: డాక్టరు రాసిన దిగులు మందులు మత్తుమందులు కావు. అయితే వాటిని సొంతంగా ఆపకూడదు. నిద్రమాత్రలు మాత్రం డాక్టరు చీటీ లేకుండా కొని వాడకండి. వాటిలో కొన్ని అలవాటు అవుతాయి.

రోగి దగ్గర ఉన్నవారికి ఒక మాట

ఫోనులోని ఏఐని జబ్బు గురించి అడిగేవారు ఎక్కువయ్యారు. ఒక మాటకు అర్థం తెలుసుకోవడానికి, డాక్టరును అడగవలసిన ప్రశ్నలు రాసుకోవడానికి అది ఉపయోగపడుతుంది. కానీ అది చెప్పిందని మాత్ర ఆపడం, మోతాదు మార్చడం చేయవద్దు. మీ రోగిని అది చూడలేదు, నాడి పట్టలేదు. రోగి పేరు, ఆధార్ నంబరు ఉన్న రిపోర్టులను అందులో పెట్టవద్దు.

గుర్తుంచుకోండి

యంత్రం మన పనిలో ఒక భాగాన్ని తీసుకోవచ్చు. మనిషిని అనారోగ్యం పాలు చేసేది తరచుగా యంత్రం కాదు. తన పని మీద తనకు మాట లేకపోవడం, ఆ బాధను ఇంట్లో చెప్పుకోలేకపోవడం. మొదటిది మార్చడానికి ఆఫీసులో సమయం పట్టవచ్చు. రెండవది మార్చడం మీ చేతిలోనే ఉంది. ఈ రాత్రి అన్నం తినేటప్పుడు ఫోన్లు పక్కన పెట్టి, మీ ఇంటి ఉద్యోగిని "ఈ రోజు పని ఎలా గడిచింది?" అని అడగండి. చెప్పినంతసేపు వినండి.